విడుపు, లూసిస్, విశ్లేషణ

మన పెద్దలు పొడుపు కథ వేసి, విడుపు చెప్పమంటారు. ముడి వేసిన మాటను విప్పడమే విడుపు. ప్రాచీన గ్రీకుల ఆలోచన కూడా ఇదే దారిన నడిచింది. వారి భాషలో ‘లూయో’ అంటే విప్పుతాను, వదులు చేస్తాను అని అర్థం. దీని నుండి ఏర్పడిన నామవాచకం ‘లూసిస్’. బందీని విడిపించడం, చిక్కు ప్రశ్నకు సమాధానం చెప్పడం రెండూ లూసిస్సే. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో విషాద నాటకానికి ముడి, విడుపు అని రెండు భాగాలు చెప్పాడు. రెండవదానికి ఆయన వాడిన మాట ఇదే. సంస్కృతంలో ‘కోయు’ అనే అర్థం గల ‘లూ’ ధాతువును, దాని నుండి వచ్చిన ‘లవం’, ‘లవిత్రం’ (కొడవలి) అనే మాటలను భాషాశాస్త్రజ్ఞులు దీనితో పోలుస్తారు.

ఈ ధాతువుకు ‘అనా’ చేరితే ‘అనాలిసిస్’. ఒడిస్సీ కావ్యంలో పెనెలోపి పగలు నేసిన బట్టను రాత్రి విప్పివేస్తుంది. అక్కడ హోమర్ వాడినది ఈ క్రియనే. మగ్గం దగ్గరి మాట క్రమంగా రేఖాగణితానికీ, తర్కానికీ చేరింది. ‘పారా’ చేరితే ‘పారాలిసిస్’, అనగా అవయవాలు పట్టు వదలడం. ఈ మాటే ప్రాచీన ఫ్రెంచి ద్వారా అరిగి ఇంగ్లీషులో ‘పాల్సీ’ అయింది.

పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులు కొత్త విషయాలకు పేర్లు పెట్టవలసి వచ్చి మళ్ళీ ఈ ధాతువునే ఆశ్రయించారు. 1834లో ఫారడే విద్యుత్తుతో పదార్థాలను విడదీయడానికి సంబంధించిన ‘ఎలక్ట్రోలైట్’ వంటి మాటలను ప్రవేశపెట్టాడు. 1861లో థామస్ గ్రాహం పలుచని పొర ద్వారా ద్రావణాలను వేరుచేసే పద్ధతికి ‘డయాలిసిస్’ అని పేరు పెట్టాడు. 1943లో నెదర్లాండ్స్‌లో కోల్ఫ్ కృత్రిమ మూత్రపిండాన్ని రోగికి ఉపయోగించాక ఆ మాట ఆసుపత్రికి చేరింది.

తెలుగులో వీటికి ఒకే దారి లేదు. అనాలిసిస్‌ను ‘విశ్లేషణ’ అన్నాం. ‘శ్లిష్’ అంటే అంటుకొనుట. శ్లేషాలంకారంలో ఉన్నదీ అదే. కన్నడం, మరాఠీ, ఒడియాలలో కూడా ఈ మాటే ఉంది. తమిళం ‘పగుప్పాయ్‌వు’ అని తన ధాతువులతో కట్టుకుంది. పారాలిసిస్‌కు మాత్రం అనువాదం అవసరం కాలేదు. గ్రీకులు పట్టు సడలడం చూసిన చోట మన వైద్యులు వాతదోషం చూశారు. కనుక మనకు పక్షవాతం, కన్నడంలో పార్శ్వవాయువు.

‘కెటాలిసిస్’ కథ మరొక రకం. 1835లో బెర్జీలియస్ ‘అనాలిసిస్’ పోలికతో ఈ మాట కల్పించాడు. పదార్థాలు విడిపోవడమే ఆయన దృష్టిలో ప్రధానం. కాని కెటలిస్టులు కలుపుతాయి కూడా. నత్రజని, హైడ్రోజన్‌లను కలిపి అమ్మోనియా తయారుచేసే చోట ఇనుము చేసే పని అదే. తెలుగువారి ‘ఉత్ప్రేరకం’ ప్రేరేపించేదని చెబుతుంది, విడగొట్టేదని చెప్పదు. ఇక్కడ అనువాదమే మూలం కంటే విషయానికి దగ్గరగా ఉంది.

బళ్ళారిలోనో, బరంపురంలోనో, హోసూరులోనో వేరొక భాషలో చదువుకునే తెలుగు విద్యార్థికి ఒకే భావం మూడు నాలుగు పేర్లతో ఎదురవుతుంది. వాటిని భారంగా భావించనక్కరలేదు. ఏది ఎక్కడ కట్టి ఉంది, దానిని ఎవరు ఎలా విప్పారు అని ప్రతి మాటనూ అడిగితే, బట్టీ పట్టవలసినది చాలావరకు తగ్గుతుంది. అలా అడగడం ‘విడుపు’ అనే మాట తెలిసిన పిల్లలకు కొత్త కాదు.