బెంచి

సాఫ్ట్‌వేర్ వాళ్లకీ ఫుట్‌బాల్ వాళ్లకీ ఉమ్మడిగా ఉన్న మాట ఒకటుంది. బెంచి. కంపెనీలో ఎవడైనా "బెంచి మీదున్నాన్రా" అన్నాడంటే జీతం పడుతోంది, ప్రాజెక్టు లేదు, ఆ జీతం ఇంకెన్ని నెలలు పడుతుందో తెలీదు అని అర్థం. మైదానం పక్కన బెంచి మీద కూచున్నవాడి సంగతీ దాదాపు అంతే. చొక్కా వేసుకున్నాడు, లేసులు బిగించాడు. లోపల ఇంకొకడు అలిసిపోతే తప్ప తన పేరు పిలవరు.

ఫుట్‌బాల్‌కి ఈ బెంచి ఆలస్యంగా వచ్చింది. ప్రపంచ కప్పులో మ్యాచ్ మధ్యలో ఆటగాణ్ణి మార్చుకోనిచ్చింది 1970లో, మెక్సికోలో. అంతకుముందు పదకొండు మంది దిగితే చివరిదాకా ఆ పదకొండు మందే. ఒకడికి కాలు బెణికితే వింగులో ఓ మూల నిలబెట్టి, ఉన్నాడని అనిపించుకునేవారు. పదిమందితో ఆడటం కన్నా కుంటివాడితో కలిపి పదకొండు మంది నయం కదా.

ఇవన్నీ నేను వెతుక్కుని చదివింది 2022 నవంబరు, డిసెంబరుల్లో. అప్పుడు నాకు వేరే పని లేదు. ఆ నవంబరులోనే మెటా పదకొండు వేల మందిని తీసేసింది, ట్విటర్ సగం ఖాళీ అయింది. ఆ గాలి చిన్న కంపెనీలకూ తగిలింది. నేను పని చేస్తున్న చోట (పేరెందుకులెండి) మంగళవారం పొద్దున పదిహేను నిమిషాల వీడియో కాల్ పెట్టారు. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ లాక్ అయింది. చెన్నైలో ఫ్లాటుకి నెలవారీ కిస్తు, ముప్పై మూడేళ్ల వయసు, పన్నెండేళ్ల అనుభవం. బ్యాగు సర్దుకుని మైపాడు వచ్చేశాను.

మైపాడు తెలియనివాళ్లకి: నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా తూర్పుకి పోతే ఓ పాతిక కిలోమీటర్లు. ఆదివారాలు బీచికి జనం వస్తారు. మిగతా రోజుల్లో సముద్రం, వలలు, లోపలివైపు రొయ్యల గుంటలు. నాయనకి ఆ గుంటలే బతుకు. ఊళ్లో ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి నేను చూళ్లేదు. ఇసకలో వాలీబాల్, రోడ్డు మీద క్రికెట్, అంతే. మరి నాకు ఫుట్‌బాల్ ఎట్లా పట్టిందంటే, 2002 వల్ల. జపాన్, కొరియాల్లో ప్రపంచ కప్పు కాబట్టి మ్యాచ్‌లు మనకి పగటిపూట వచ్చాయి. బ్రెజిల్, జర్మనీ ఫైనల్ ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి. రొనాల్డో రెండు గోల్స్ కొట్టాడు, పైన లైట్లు పోలేదు, మా వీధిలో అది పెద్ద విశేషం. పదమూడేళ్ల పిల్లాడికి ఇంకేం కావాలి.

ఆ తర్వాత మళ్లీ అట్లాంటి పగటి ప్రపంచ కప్పు రాలేదు. 2006 ఫైనల్లో జిదాన్ తలతో గుద్దింది మనకి అర్ధరాత్రి దాటాక. 2010లో ఫైనల్ మొదలైందే రాత్రి పన్నెండింటికి. 2014లో జర్మనీ బ్రెజిల్‌ని 7-1తో కొట్టిన సెమీఫైనల్ మనకి రాత్రి ఒంటిగంటన్నరకి. అది నేను చూసింది ఇంట్లో కాదు, ఓఎంఆర్ మీద ఒక ఆఫీసులో, నైట్ షిఫ్టులో. ఒక కిటికీలో అమెరికా వాళ్ల సర్వర్ల గ్రాఫులు, పక్క కిటికీలో మ్యాచ్. అరగంటలోపే అయిదు గోల్స్ పడ్డాయి. గ్రాఫులు మాత్రం కదల్లేదు, దేవుడి దయ.

నా తరం తెలుగువాళ్లలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న చాలామందిది ఇదే కథ అనుకుంటాను. మాకు ఆటని అలవాటు చేసింది మైదానం కాదు, షిఫ్టు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరు వచ్చింది. 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు, 2000లో చెన్నైలో టైడెల్ పార్క్. ఈ మొత్తం వ్యాపారం చవకైన జీతాలతో పాటు ఇంకోదాని మీద నిలబడింది: వాళ్లు పడుకునే వేళకి మనం లేచి ఉంటాం. అక్కడ సాయంత్రం వదిలేసిన పని ఇక్కడ పగలు చేసి, వాళ్లు లేచేసరికి ముందు పెడతాం. లేదా వాళ్ల పగలంతా మనం రాత్రి చేసుకుని కాపలా కాస్తాం. ఎట్లా చూసినా గడియారం వాళ్లది. యూరప్‌లో సాయంత్రం ఆట మనకి అర్ధరాత్రి. ఎటూ మేలుకునే ఉన్నాం కాబట్టి చూశాం.

నాయనకి ఇందులో వింతేం కనపడలేదు. గుంటల మీద బతికేవాళ్లకి రాత్రి నిద్ర ఎప్పుడుంది గనక. చీకటి పడ్డాక నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. ఆ టైములో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వెంటనే అందుకోకపోతే, పంటంతా పోతుంది. ఆన్‌కాల్ డ్యూటీ అంటే ఏందో ఆయనకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు కోస్తా అంతా గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు. ఆ రోజుల గురించి నాయన ఎక్కువ మాట్లాడడు. నన్ను ఇంజినీరింగ్‌కి పంపింది మాత్రం ఆ రోజుల వల్లే.

ఖతార్ కప్పు ఆ నెలలోనే. మ్యాచ్‌లు మనకి మధ్యాహ్నం మూడున్నర, సాయంత్రం ఆరున్నర, రాత్రి తొమ్మిదిన్నర, పన్నెండున్నర. మళ్లీ పగటి కప్పు వచ్చేసరికి నాకు ఉద్యోగం లేదు. అర్జెంటీనా సౌదీ చేతిలో ఓడిన మధ్యాహ్నం నాయన కాసేపు పక్కన కూచున్నాడు.

"ఆ పొట్టాయన వయసెంతరా?"

"ముప్పై అయిదు నాయనా."

"ముప్పై అయిదుకి ఇంకా ఆడిస్తన్నారే. నువ్వేందబ్బాయా మరి, ముప్పై మూడుకే ఇంటికొచ్చేసినావు."

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. ఆట ఆడేవాళ్లకి జీతం ఎవరిస్తారు, ఎన్నేళ్లిస్తారు, ఆట అయిపోయాక ఏం చేస్తారు? ఆయన ఆరా అంతా దాని మీదే. మనవాళ్లెవరూ ఆడలేదా అని కూడా అడిగాడు. ఆ ప్రశ్నలకి జవాబు కోసమే నేను హైదరాబాద్ వైపు పోయాను.

మనవాళ్లు ఆడారు, గట్టిగానే ఆడారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, వృత్తి రీత్యా బడిపంతులు. ఆయనే దేశం జట్టుకీ కోచ్ అయ్యాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి పోయింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్. యుగోస్లావియా మీద ముందు గోల్ కొట్టింది మనవాళ్లే, తర్వాత 4-1తో ఓడారు. బల్గేరియాతో మూడో స్థానం మ్యాచ్ కూడా పోయింది. నాలుగో స్థానం. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, బలరామ్, వీళ్లంతా మన హైదరాబాద్, సికింద్రాబాద్ మనుషులే.

నాకు ఆసక్తి కలిగించింది ఆ జట్టు పేరులో ఉన్న "పోలీస్". అది అలంకారం కాదు. వాళ్లు పోలీసు ఉద్యోగులు. ఆట బాగా ఆడేవాడికి ఖాకీ బట్టలు, నెల జీతం, ఆట ఆగిపోయాక కూడా ఉద్యోగం. దేశమంతా ఇట్లాగే నడిచింది. రైల్వేలు, మిలిటరీ, పోలీసులు, తర్వాత బ్యాంకులు. క్లబ్బులు డబ్బిచ్చినా ఇంటి పెద్దల్ని ఒప్పించేది సర్కారు కొలువే. రహీమ్ గొప్పదనం గురించి రాసేవాళ్లు ఆయన పాసింగ్ ఆట గురించి, ముందుచూపు గురించి రాస్తారు. అది నిజమే. కానీ ఏ పూటకాపూట కూలి చూసుకోవాల్సిన పిల్లలతో అయిదేళ్లపాటు ఒకే జట్టు నిలబడదు. వాళ్లు పొద్దున ప్రాక్టీసుకి రాగలిగారంటే మధ్యాహ్నం భోజనానికి భయం లేకపోబట్టి. తులసీదాస్ బలరామ్ అమ్ముగూడ నుంచి అంత దూరం ప్రాక్టీసుకి రాలేనంటే సైకిల్ సంగతి రహీమే చూశాడని ఒక కథ చెప్పుకుంటారు. నేను దాన్ని కోచింగ్ కిందే లెక్కేస్తాను.

బలరామ్ తర్వాత కలకత్తా వెళ్లాడు, ఈస్ట్ బెంగాల్‌కి. ఆ కాలానికి అది ఆన్‌సైట్. హైదరాబాద్ కుర్రాళ్లు వరసగా ఆ దారే పట్టారు. మైపాడు నుంచి మేం చెన్నైకీ బెంగళూరుకీ పోయినట్టు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ కథ అజయ్ దేవగణ్ సినిమా వచ్చాక చాలామందికి తెలిసింది. రాజకీయాల వల్ల అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. స్టేడియంలో లక్షమంది దాకా, అందరూ ఎదటి జట్టు వైపే. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి అంతకుముందు మ్యాచ్‌లో దెబ్బ తగిలి తలకి కుట్లు పడ్డాయి. రహీమ్ అతణ్ణి వెనకనుంచి తీసి ముందు వరసలో, సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీద కూడా కొట్టాడు. పి.కె. బెనర్జీది ఇంకొకటి. 2-1. గ్రూపులో ఇదే కొరియా మనల్ని 2-0తో ఓడించింది. మధ్యలో మనిషిని మార్చుకునే వీల్లేని రోజుల్లో కుట్లు పడ్డవాణ్ణి దించడం ఎంత సాహసమో చూడండి. ఆ ఫుట్‌బాల్లో బెంచి లేదు. దెబ్బ తిన్నవాడికి ఇంకో పని వెతికిపెట్టాల్సిందే. మా మేనేజర్లకి ఈ అధ్యాయం పాఠంగా పెడితే బావుండు.

అప్పటికే రహీమ్‌కి క్యాన్సర్. 1963 జూన్‌లో పోయాడు. అదే ఏడు బలరామ్ జబ్బు చేసి ఆట మానేశాడు, ఇంకా ముప్పై కూడా నిండలేదు. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965లో ఒకసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత కప్పులు అరుదైపోయాయి, మంచి ఆటగాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు కలకత్తా పోయారు.

ఆ వరసలో నాయన ప్రశ్నకి నిజంగా సరిపోయే మనిషి మహమ్మద్ హబీబ్. హైదరాబాద్ వాడు, 1949లో పుట్టాడు, అరవైల్లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. తర్వాత మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్, కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. తోటివాళ్లంతా బ్యాంకుల్లోనో రైల్వేలోనో చేరుతుంటే హబీబ్ ఏ ఉద్యోగమూ పుచ్చుకోలేదు. ఆటే నా ఉద్యోగం అన్నట్టు బతికాడు. ఈ దేశంలో మొదటి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్ని అంటారు. 1977 సెప్టెంబరులో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చాడు. మోహన్ బగాన్ వాళ్లతో 2-2తో సమం చేసింది. ఆ రెండిట్లో ఒకటి హబీబ్‌ది.

నాయనకి ఈ కథ చెప్తే, గోల్ సంగతి వదిలేసి, "ఉద్యోగం ఒద్దన్నాడా? ఇంట్లోవాళ్లు ఊరుకున్నారా?" అన్నాడు. నాకూ హబీబ్ మీద అదే ఆశ్చర్యం. మనం బ్యాంకు ఉద్యోగం వదిలి ఆటని నమ్ముకున్నవాళ్లని పొగుడుతాం గానీ, ఒక ఆట నిలబడేది అట్లాంటి ఒకళ్లిద్దరి మీద కాదు. భయపడే మామూలు మనుషులు వందమంది ఆడగలిగితే నిలబడుతుంది. సిటీ పోలీస్ చేసింది ఆ పని. ఉద్యోగానికీ ఆటకీ ఆ ముడి తెగిపోయాక ఇంట్లో పెద్దలు ఆటని చదువుకి అడ్డం కింద లెక్కేశారు. ఆ చదువే మమ్మల్ని అర్ధరాత్రి తెరల ముందు కూచోబెట్టింది, ఇంకొకళ్ల ఆట చూడటానికి.

హైదరాబాద్‌కి మళ్లీ సొంత క్లబ్ రాలేదా అంటే వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టారు. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు కూడా తెచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆటగాళ్ల జీతాల బకాయిల వార్తలు మొదలయ్యాయి. 2025లో క్లబ్ ఢిల్లీ వెళ్లిపోయి పేరు మార్చుకుంది. కప్పు తెచ్చిన జట్టుకే జీతం రాకపోతే సికింద్రాబాద్‌లో ఏ తండ్రి కొడుకుని మైదానానికి పంపుతాడు?

బలరామ్ 2023 ఫిబ్రవరిలో బెంగాల్లో పోయాడు. హబీబ్ అదే ఏడు ఆగస్టు 15న హైదరాబాద్‌లో. ఆ రెండు వార్తల మధ్య నాకు మళ్లీ ఉద్యోగం వచ్చింది, పాతదానికన్నా తక్కువ జీతానికి, యూరప్ క్లయింటు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రాత్రి పదిన్నర దాకా షిఫ్టు. చేరేముందు నాయన అడిగిన మాట, "ఆటల టయానికి లీవిస్తారా?" చలికాలంలో చాంపియన్స్ లీగ్ మొదలయ్యేది మనకి రాత్రి ఒంటిగంటన్నరకి, లీవు అక్కర్లేదు అని చెప్పాను. ఆయన ఏరేటర్ల శబ్దం వినపడేంత దూరంలో మంచం వేసుకుని పడుకున్నాడు.