నిశేష్ బసవరెడ్డి: కాలేజీ కోర్టు నుంచి జొకోవిచ్ ఎదుటికి.. నెల్లూరు మూలాలున్న కుర్రాడి కెరీర్ ఇలా

17, 18 ఏళ్లు వచ్చేసరికి జూనియర్ టెన్నిస్ ఆడే పిల్లల ఇళ్లలో ఒకటే చర్చ. చదువా? ప్రొఫెషనల్ టూరా? తెలుగు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి మాత్రం ముందు కాలేజీ, తర్వాతే ప్రొఫెషనల్ అన్నాడు.

ఎవరీ నిశేష్?
తల్లిదండ్రులది నెల్లూరు. 1999లో అమెరికా వెళ్లారు. నిశేష్ 2005 మే 2న కాలిఫోర్నియాలో పుట్టాడు. పెరిగింది ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్‌లో. డబుల్స్ స్టార్ రాజీవ్ రామ్‌ది కూడా ఆ ఊరే.

జూనియర్ స్థాయిలో..
2022 యూఎస్ ఓపెన్ బాలుర డబుల్స్‌లో ఓజన్ బారిస్‌తో కలిసి టైటిల్ కొట్టాడు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చేరాడు.

కాలేజీ ఎందుకు?
కింది స్థాయి టోర్నీల్లో వచ్చే ప్రైజ్‌మనీ ప్రయాణాలకే చాలదు. కాలేజీ జట్టులో ఉంటే కోచ్, ఫిట్‌నెస్, మ్యాచ్‌లు అన్నీ యూనివర్సిటీయే చూసుకుంటుంది. పక్కనే చదువు. అయితే ఓ మెలిక ఉంది. కాలేజీలో ఉన్నంతకాలం ప్రైజ్‌మనీలో ఖర్చుల మేరకే తీసుకోవాలన్నది అప్పటి ఎన్‌సీఏఏ నిబంధన.

మలుపు తిప్పిన 2024
ఏడాది మొదట్లో అతడి ర్యాంకు 450 పైనే. చదువుకుంటూనే ఛాలెంజర్ టోర్నీలు ఆడాడు, గెలిచాడు. ఏడాది చివరికి టాప్ 150లోకి వచ్చేశాడు. డిసెంబర్‌లో జెడ్డాలో జరిగిన నెక్స్ట్ జెన్ ఫైనల్స్‌కు అర్హత సాధించాడు. డిగ్రీ పూర్తికాకుండానే ప్రొఫెషనల్‌గా మారాడు.

జొకోవిచ్‌కే షాక్!
2025 జనవరిలో ఆక్లాండ్‌లో సెమీస్ చేరాడు. ఆ వెంటనే వైల్డ్ కార్డుతో ఆస్ట్రేలియన్ ఓపెన్. తొలి రౌండ్‌లోనే ఎదురుగా జొకోవిచ్. మొదటి సెట్ 6-4తో నిశేష్‌దే! తర్వాత 3-6, 4-6, 2-6తో ఓడినా, 19 ఏళ్ల కుర్రాడి పేరు అందరికీ తెలిసిపోయింది.

మన దగ్గర పుట్టిన వాళ్లకూ ఈ దారి కొత్తది కాదు. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అమెరికాలోని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 2016 యూఎస్ ఓపెన్ సింగిల్స్ మెయిన్ డ్రాలోనూ ఆడాడు.

బనగానపల్లె, నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి ఊళ్లలో రాకెట్ పట్టిన పిల్లల తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఆట కోసం పుస్తకం మూసేయక్కర్లేదు. కానీ మార్కులు, మ్యాచ్ రికార్డు.. రెండూ ఉంటేనే ఆ కాలేజీల తలుపు తెరుచుకుంటుంది.