శునక చికిత్సలో పోకచెక్క



నేను పల్లెపాఠశాలలలో తెలుగు పండితుడనుగా చిరకాలము పనిచేసి విరమించినవాడను. ఈ సాయంకాలము కుక్కల వైద్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని సంకల్పించితిని. సంధులు, సమాసములు చెప్పుకొనెడి ముసలివానికి కుక్కల గొడవ యేల యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మా తండ్రిగారి తాంబూలపు సంచిలోని పోకచెక్కయు, నా చిన్ననాటి కుక్కపిల్ల యొకటియు నన్నీ విషయమునకు ఈడ్చుకొని వచ్చినవి. ఆ కథ కొంత తడవునకు చెప్పెదను.

మన భారతకథ జనమేజయుని యాగశాలలో నిష్కారణముగా దెబ్బలు తిన్న సరమ కుమారునితో మొదలగుచున్నది. మహాప్రస్థానమున ధర్మరాజును విడువక నడచిన కుక్కతో ముగియవచ్చుచున్నది. అంతటి గ్రంథమునకు రెండు కొసలను కాచి నిలిచినను, వైద్యశాస్త్రమున మాత్రము ఈ జంతువునకు తగిన పీట దొరకలేదు. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదము గలదు. గుఱ్ఱములకు శాలిహోత్రుని పేరను, నకులుని పేరను గ్రంథములున్నవి, జయదత్తుని అశ్వవైద్యకమున్నది, మన తెలుగులోనే మనుమంచి భట్టు హయలక్షణ విలాసము రచించెను. కుక్కకు అట్టి ప్రఖ్యాతి గల గ్రంథము దక్కలేదు. కారణము వెదకనక్కఱలేదు. ఏనుగును, గుఱ్ఱమును రాజుల సైన్యములోనివి. వాని వైద్యునకు జీతమును, వాని శాస్త్రమునకు లేఖకుడును ఉండిరి. కుక్క గొల్లవాని మందను, రైతు కల్లమును కాచినది. కల్యాణ చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున మానసోల్లాసమను గ్రంథమున సారమేయ వినోదమని యొక ప్రకరణము చేర్చెను గాని, అదియును రాజుగారి వేటకుక్కల కొఱకే.

అయినను కుక్కను పేరెత్తకయే దానిని లెక్కలోనికి తెచ్చిన రాజొకడు గలడు. కర్నూలు మండలమున పత్తికొండకును గుత్తికిని నడుమ ఎఱ్ఱగుడి యొద్ద, 1929లో లోకమునకు తెలియవచ్చిన అశోకుని శిలాశాసనములు గలవు. ఆ ప్రాంతమున ఉద్యోగము చేయు దినములలో పిల్లలను వెంటబెట్టుకొని వాటిని చూడబోయితిని. ఎండకు కాగిన గుండ్లపై ఇరువదిరెండు శతాబ్దములకు పూర్వపు బ్రాహ్మీలిపి. అందలి రెండవ ధర్మశాసనమున దేవానాంప్రియుడు తన రాజ్యమందును, చోళ పాండ్యాదుల సీమలందును, తామ్రపర్ణి వఱకును, యవనరాజైన అంతియోకుని దేశమందును రెండు విధములైన చికిత్సలను ఏర్పఱిచినట్లు చెప్పించెను: మనుష్య చికిత్స, పశు చికిత్స. మనుష్యులకును పశువులకును పనికివచ్చు ఓషధులు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించెనట. మా పిల్లలలో నొకడు, "అయ్యవారూ, పశువులనగా కుక్కలును చేరునా?" యని యడిగెను. చేరునని చెప్పితిని. నాటినుండి ఆ శాసనమును కుక్క పక్షమున చదువుట నాకలవాటైనది.

గ్రంథము లేనిచోట నోటిమాట వైద్యముగా నిలిచినది. అందు ప్రధానమైనది పోకచెక్క. మనము భోజనానంతరము నమలు వక్కయే కుక్క కడుపులోని బద్దెపురుగులకు మందు. చీనా వైద్యులు మనుష్యుల కడుపులోని బద్దెపురుగులకు సైతము దీనిని గుమ్మడిగింజలతో కలిపి వాడిరి. మన భావమిశ్రుడు పదునాఱవ శతాబ్దమున రచించిన భావప్రకాశమున పోకను చలువచేయునది, వగరైనది, దీపనకరము అని చెప్పుచు, మోహనమని కూడ చేర్చెను. పచ్చిపోక జఠరాగ్నిని, చూపును చెఱచుననియు, ఉడికించినది త్రిదోషములను హరించుననియు చెప్పెను. ఆ మోహనమను మాటను తేలికగా విడువకుడు. అలవాటు లేనివాడు లేతపోక నమలినపుడు తల తిరిగి చెమట పోయుట మీరెఱుగుదురు.

ఇక నా కథ. మా తండ్రిగారు సంస్కృతము చదివి, నాడి చూచి, కషాయములిచ్చెడివారు. గొల్లలు తమ మందకుక్కలను త్రాటగట్టి మా యరుగునొద్దకు తెచ్చెడివారు. పొట్ట యుబ్బి, బొచ్చు రాలి, మలమున బియ్యపుగింజల వంటి తునుకలు కనబడెనా, తండ్రిగారు రాత్రి దానిని పస్తుంచుమని చెప్పి, తెల్లవాఱగానే పోకచెక్కను అప్పటికప్పుడు నూఱి, నేతిలో ముద్దచేసి మ్రింగించెడివారు. కొన్ని గడియలకు ఆముదము. మధ్యాహ్నమునకు పురుగులు ముద్దగా పడిపోయెడివి. కుక్క ఒక పూట నీరసించి, పదిదినములలో నిగనిగలాడుచుండెడిది. అది చూచి నేనును వైద్యుడనైతినని తలంచితిని.

నాకప్పుడు పదియేండ్లు. రెండు నెలల కుక్కపిల్ల నొకదానిని సాకుచుంటిని. తండ్రిగారు పొరుగూరికి పోయిన దినమున దాని పొట్ట యుబ్బియుండుట చూచి, వారి సంచినుండి పోకచెక్క తీసి, చేతికి వచ్చినంత నూఱి పెట్టితిని. అరగడియలో దాని నోట చొల్లు ధారకట్టెను. వణకెను. నిలువలేక కూలెను. కడుపు వెళ్లిపోవుచునే యుండెను. ప్రొద్దు క్రుంకకమునుపే చచ్చిపోయెను. తండ్రిగారు తిరిగి వచ్చి, విషయము విని, నన్ను కొట్టలేదు. "ఆ పిల్ల బరువెంతరా? నీవు పెట్టిన చెక్క బరువెంత?" యని మాత్రమడిగిరి. రెండును నాకు తెలియవు. నేటికిని ఆ ప్రశ్న చెవిలో నున్నది.

చాలకాలమునకు తరువాత ఆ ప్రశ్నను మఱియొకచోట చూచితిని. ఇంగ్లండులో కుక్కలకు పురుగుల వైద్యము పందొమ్మిదవ శతాబ్దమున మిక్కిలి మొరటుగా నుండెడిది. గాజును మెత్తగా నూఱి పెట్టిన వైద్యులు కూడ నుండిరి. జాన్ హెన్రీ వాల్ష్ అను శస్త్రవైద్యుడు స్టోన్‌హెంజ్ అను మాఱుపేరుతో 1859లో కుక్కల ఆరోగ్యమును, రోగములను గూర్చి పెద్ద పుస్తకము ప్రకటించెను. అందు పోకచెక్కను శ్లాఘించి, పొడి నిలువయున్నచో సత్తువ పోవును గనుక అప్పుడే తురుమవలెననియు, కుక్క బరువు పౌనొక్కింటికి రెండు గ్రెయినుల వంతున తూచి యీయవలెననియు, పిమ్మట ఆముదము పట్టవలెననియు వ్రాసెను. పస్తు, తాజా చూర్ణము, ఆముదము. మా యరుగుమీది క్రమమే! మా తండ్రిగారికి ఇంగ్లీషు రాదు. వాల్ష్ దొరకు సంస్కృతము రాదు. వారిది చిటికెడు కొలత, ఇతనిది తక్కెడ కొలత; అంతే భేదము. అయితే తక్కెడయు పూర్తిగా రక్షింపజాలదు. ఒక చెట్టుపోక వలె మఱియొక చెట్టుపోక యుండదు. లేతదానికిని ముదురుదానికిని సత్తువ వేఱు.

ఆ సత్తువ యేదో 1888లో తెలిసినది. యాన్స్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు పోకనుండి దానిని వేఱుచేసెను. అరెకోలిన్ అని పేరు. ఇది బద్దెపురుగు కండలను చచ్చుపఱచి, అది ప్రేగునకు పట్టిన పట్టును సడలించును. అదే సమయమున కుక్క ప్రేగులను గట్టిగా కదలించి దానిని వెలికి నెట్టును. కాని ఆ కదలిక ప్రేగుతో ఆగదు. చొల్లు కార్చును, గుండెను మందగింపజేయును, ఊపిరిని బిగించును. నా కుక్కపిల్ల చచ్చినది ఇట్లే. దీనికి విఱుగుడు అట్రోపిన్ అను మందు. ఆ యట్రోపిన్ మన ఉమ్మెత్తలో నున్నది. పెరటిలోనే విషమును, విఱుగుడును పొరుగుపొరుగున మొలచినవని చెప్పుచున్నాను గాని, ఉమ్మెత్తకాయను నూఱి కుక్క నోట పోయుడని చెప్పుటలేదు. అది మొదటి విషమును మించిన విషము.

ఇంతవఱకు కుక్క మాట. దీనితో మన ప్రాణములకు గల సంబంధమును ఇక చెప్పవలెను. కుక్క ప్రేగులలో నుండు బద్దెపురుగులలో నొకజాతి మిక్కిలి చిన్నది, బియ్యపుగింజ పొడవైనను ఉండదు, కంటికి ఆనదు. దాని గ్రుడ్లు మలముతో గడ్డిపై పడును. గొఱ్ఱె ఆ గడ్డి మేయగా దాని కాలేయమునందో ఊపిరితిత్తులందో నీటితిత్తిగా పెరుగును. గొఱ్ఱెను కోసినపుడు ఆ తిత్తి గల కాలేయమును కుక్కకు వైచితిమా, చక్రము మఱల తిరుగును. గ్రుడ్లంటిన చేతితో అన్నము తిన్న మనుష్యుని కాలేయమున సైతము అదే తిత్తి యేండ్ల తరబడి పెరుగును. హైడాటిడ్ వ్యాధి యని వైద్యులందురు. మన ఆంధ్రదేశమునను, తమిళదేశమునను ఇది హెచ్చని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి.

మా యూరి గొల్లపెద్ద యొకడు తన మందకుక్కను ప్రాణముగా చూచుకొనెడివాడు. ఏటేట మా తండ్రిగారిచేత దానికి పోకచెక్క పెట్టించెడివాడు. దొడ్డిలోనే కట్టి, పురుగులు పడిన చోటనే మట్టి కప్పక విడిచెడివాడు. కుక్క బాగుండెను. వానికి నడివయసున కుడిప్రక్క బరువు, నొప్పి యారంభమై, తుదకు పట్టణమున శస్త్రము చేయగా కాలేయమునుండి కొబ్బరికాయంత తిత్తి బయటపడెను. బ్రతికెను. ఆ తిత్తి ఆ దొడ్డినుండియే వచ్చినదని నేను నిశ్చయముగా చెప్పజాలను. కాని పోకచెక్క పురుగును వెడలగొట్టును గాని, గ్రుడ్లను చంపదు. కుక్క కడుపు శుభ్రమైన దినమే దొడ్డి మిక్కిలి ప్రమాదకరమైన దినము. ఈ సంగతి మా తండ్రిగారికి తెలియదు. ఏ తాటాకులోను లేదు.

గొఱ్ఱెల సంపదగల న్యూజిలాండు దేశమువారు దీనిని బాగుగా గ్రహించిరి. 1959లో చట్టము చేసి, ఊరూర కుక్కలను ఒకచోటికి రప్పించి అరెకోలిన్ పట్టి, పడిన మలమును పరీక్షించిరి. పచ్చి కాలేయము, ఊపిరితిత్తులు కుక్కకు వేయరాదని కట్టడి చేసిరి. 1970 తరువాతి యేండ్లలో ప్రాజిక్వాంటెల్ అను కొత్తమందు వచ్చి, కుక్కను బాధింపకయే పురుగును ప్రేగులోనే చంపుచుండుటచే, అరెకోలిన్ క్రమముగా వెనుకబడెను. 2002లో ఆ దేశము ఈ వ్యాధినుండి తాత్కాలికముగా విముక్తమైనదని ప్రకటించుకొనెను. మన వక్క సముద్రములు దాటి చేసిన సేవయిది. మన జాతరలలో మాత్రము నేటికిని వేటపోతుల కాలేయపు ముక్కలు కుక్కల ముందు పడుచునే యున్నవి. కోసిన చోటనే లోతుగా గోయి త్రవ్వి పూడ్చిన చాలును. దానికి చట్టము అక్కఱలేదు, పెద్దలు ఒకమాట చెప్పిన జరుగును.

తక్కిన మూలికలను గూర్చి పెద్దగా చెప్పవలసినది లేదు. కుక్కల గజ్జికి కానుగనూనె, వేపనూనె పైపూతగా మనవారు చిరకాలముగా వాడుచున్నారు. కుక్క నాకుకొనకుండ చూచుకొనవలెను. సీతాఫలపు గింజల పొడి పేలను చంపును గాని, కంటబడిన చూపునకు చేటు. వెల్లుల్లియు, నీరుల్లియు మనకు మేలుచేయునవే యైనను కుక్క నెత్తురులోని ఎఱ్ఱకణములను విఱుగగొట్టును; పురుగులకని వెల్లుల్లి మ్రింగించుట మానవలెను. కుక్క తానై గరిక మేసినచో మేయనిండు. కుక్కలు పురుగుల బాధచే పైరు తినునని యవనపండితుడైన అరిస్టాటిలే వ్రాసియుంచెను. మనము వినాయకునకర్పించు గరికకు పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరునకు కుక్కపల్లు అని యర్థము.

వెఱ్ఱికుక్క విషయమున మాత్రము పసరులకు తావులేదు. సుశ్రుతుడు కల్పస్థానమున పిచ్చికుక్క తోక వ్రేలాడుటను, చొల్లు కార్చుటను కన్నులకు కట్టినట్లు వర్ణించి, ఉమ్మెత్తతో గూడిన మందులును చెప్పి, కఱవబడినవాడు నీటిని చూచి బెదరెనా యిక బ్రతుకడని నిష్కపటముగా వ్రాసెను. తన మందుల కొసను తానే చూపిన ఆ నిజాయితీకి నేను నమస్కరించుచున్నాను. అతడు చూడని మందును 1885లో పాశ్చరు చూపెను. 1900లో కసౌలియందును, 1907లో కూనూరునందును మనదేశమున ఆ చికిత్సాలయములు వెలసినవి. కఱచినచోటును సబ్బుతోను, ధారగా పడు నీటితోను పావుగంట కడిగి, ఆ దినమే సూదిమందునకు పోవలెను. కుక్కకును ఏటేట టీకా వేయించవలెను. పసరు పోయించుకొని నలువది దినములు పథ్యముండి, తరువాత పోయిన వారిని నేను ఇద్దఱిని ఎఱుగుదును. అందొకడు నా శిష్యుడు.

మా తండ్రిగారి తాంబూలపు సంచి యింకను నాయొద్దనున్నది. నేటి మా కుక్కకు పురుగుల మందు పశువైద్యుడే తూచి యిచ్చును. ఆ మాత్రను నేను జున్నుముద్దలో దాచి పెట్టుదును. అది జున్నంతయు తిని, మాత్రను నా కాళ్లయొద్ద ఉమ్మివేసి, తోక ఆడించుచు నిలుచును. మఱల జున్ను తేవలసినదే.