ఓడ దిగాక షుగర్, బాల్కనీలో పాలకూర: రెండు మీటర్ల వెనక ఉన్న హిస్టరీ

ఇవాళ్టి ఎపిసోడ్ హిస్టరీదే, కానీ మొదలుపెట్టేది మాత్రం మన ఇళ్ళ నుంచే.

అమ్మానాన్నల పెళ్ళిరోజుకి మీరే టికెట్లు బుక్ చేసి వాళ్ళని క్రూయిజ్‌కి పంపారనుకోండి. ఐదు రోజులు సముద్రం మీద. పొద్దున బఫే, మధ్యాహ్నం బఫే, సాయంత్రం కేకులు, రాత్రి పదకొండింటికి కూడా తినడానికి ఏదో ఒకటి. డబ్బులు ముందే కట్టేశాం కదా, వదలబుద్ధి కాదు. ఇంటికొచ్చాక నాన్న గ్లూకోమీటర్ డబ్బా జోలికే వెళ్ళరు. "ఇప్పుడొద్దురా, ఓ పది రోజులు పథ్యం చేసి అప్పుడు చూపించుకుంటాలే" అంటారు. ఈలోపు ఆయన ఫోన్‌కి ఒక వీడియో వస్తుంది. బాల్కనీలో తెల్ల పైపులు, వాటి నిండా పచ్చగా పాలకూర, పైన పెద్ద అక్షరాలతో "షుగర్‌కి చెక్". ఇంకేముంది, "ఆ హైడ్రోపోనిక్స్ కిట్ ఏదో తెప్పించు" అని మీకు ఫార్వర్డ్ చేస్తారు.

ఆ కిట్ కొనాలా వద్దా అనేది చివర్లో చూద్దాం. ముందు ఆ తెల్ల పైపులు ఎక్కణ్ణుంచి వచ్చాయి, నాన్న దాచేసిన ఆ మీటర్ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఈ రెండు కథలూ చూడాలి. రెండిటికీ సంబంధం లేదనిపిస్తుంది కానీ, తవ్వితే రెండూ ఒకే చోట కలుస్తాయి.

ఓడలో ఆకుకూర లేని రోజులు

ఇవాళ ఓడ దిగినవాళ్ళకి ప్రాబ్లం ఎక్కువ తినడం. ఒకప్పుడు దీనికి పూర్తిగా రివర్స్. నెలల తరబడి సముద్రంలో ఉంటే తాజా కూర, పండు దొరికేవి కావు. ఎండిన రొట్టె, ఉప్పు పట్టించిన మాంసం, అంతే. చిగుళ్ళు వాచి రక్తం కారేది, పాత గాయాలు మళ్ళీ తెరుచుకునేవి, మనుషులు చచ్చిపోయేవాళ్ళు. అదే స్కర్వీ. 1498లో మన కాలికట్ తీరానికి వచ్చిన వాస్కో డ గామా, తిరుగు ప్రయాణంలో తన మనుషుల్లో చాలామందిని ఈ జబ్బుకే పోగొట్టుకున్నాడు.

1747లో జేమ్స్ లిండ్ అనే డాక్టర్, సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో 12 మంది స్కర్వీ రోగుల్ని తీసుకుని ఇద్దరిద్దరు చొప్పున ఆరు జంటలు చేశాడు. అందరికీ మామూలు తిండి ఒకటే. దానికి తోడు ఒక జంటకి వెనిగర్, ఒక జంటకి సముద్రపు నీళ్ళు, ఒక జంటకి సైడర్, ఇలా ఒక్కొక్కళ్ళకి ఒక్కోటి. ఒక జంటకి మాత్రం నారింజలు, నిమ్మకాయలు. ఆరు రోజుల్లో ఆ జంటలో ఒకతను డ్యూటీకి రెడీ అయిపోయాడు. మన భాషలో చెప్పాలంటే ఇది పక్కా టెస్టింగ్. మిగతా అన్నీ ఒకేలా ఉంచి, ఒక్క ఇన్‌పుట్ మార్చి చూడటం.

లిండ్ దీన్ని 1753లో పుస్తకంగా వేశాడు. బ్రిటిష్ నేవీ మాత్రం నిమ్మరసాన్ని అధికారికంగా ఇవ్వడం మొదలుపెట్టింది 1795లో. అంటే ప్రయోగం జరిగిన 48 ఏళ్ళకి. ఫలితం తెలిసి కూడా మనుషులు ఎంత ఆలస్యం చేస్తారో ఈ నంబర్ చెప్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి.

మట్టి లేకుండా మొక్క

ఇక పైపుల కథ. మొక్క దేన్ని తిని పెరుగుతుంది? మట్టినా, నీటినా? 1699లో ఇంగ్లండ్‌లో జాన్ వుడ్‌వర్డ్ అనే ఆయన పుదీనా మొక్కల్ని రకరకాల నీళ్ళలో పెంచాడు. వాన నీళ్ళు, థేమ్స్ నది నీళ్ళు, తోట మట్టి కలిపిన నీళ్ళు. నీళ్ళు ఎంత మురికిగా ఉంటే పుదీనా అంత బాగా పెరిగింది. అంటే ఒట్టి నీళ్ళు చాలవు, ఆ నీళ్ళలో కరిగిన ఇంకేదో కావాలి.

ఆ "ఇంకేదో" ఏంటో తేలడానికి ఇంకో 160 ఏళ్ళు పట్టింది. 1860 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్తలు జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ కొన్ని లవణాల్ని కొలిచి నీళ్ళలో కలిపి, మట్టి అన్నదే లేకుండా మొక్కల్ని పెంచి చూపించారు. నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాషియం, కాల్షియం లాంటివి ఉంటే చాలు. మట్టి వాటిని దాచుకునే స్టోర్ రూమ్ లాంటిది.

కానీ ఇదంతా ల్యాబ్‌లో, గాజు సీసాల్లో. దీన్ని పంటగా మార్చొచ్చని 1929లో గట్టిగా చెప్పిన మనిషి అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీ క్యాంపస్‌లో పనిచేసే విలియం గెరికె. టమాటా తీగల్ని నీటి తొట్లలో ఎంత ఎత్తు పెంచాడంటే, కాయలు కోయడానికి నిచ్చెన ఎక్కాల్సి వచ్చేది. ఆ ఫొటోలు పేపర్లలో పడ్డాయి, దేశం ఊగిపోయింది. 1937లో ఈ పద్ధతికి "హైడ్రోపోనిక్స్" అనే పేరు కూడా ఆయనే ప్రచారంలోకి తెచ్చాడు. గ్రీకులో నీరు, శ్రమ అనే రెండు మాటల కలయిక అది.

ఇక్కడే గొడవ. ఆ నీళ్ళలో ఏం కలుపుతున్నావో ఫార్ములా చెప్పమని యూనివర్సిటీ అడిగింది. ఇది నా సొంత టైమ్‌లో, నా ఇంట్లో చేసుకున్న పని, చెప్పను అన్నాడు గెరికె. చివరికి యూనివర్సిటీ వదిలి వెళ్ళిపోయి, 1940లో సొంతంగా పుస్తకం రాసుకున్నాడు.

ఆయన చెప్పినవి నిజమో కాదో చూడమని యూనివర్సిటీ డెన్నిస్ హోగ్లాండ్, డానియెల్ ఆర్నన్ అనే ఇద్దరికి అప్పగించింది. వాళ్ళ రిపోర్ట్ 1938లో వచ్చింది. అందులో రెండు ముఖ్యమైన విషయాలు. ఒకటి, మంచి మట్టిలో పెంచినదానికన్నా నీళ్ళలో పెంచితే దిగుబడి అద్భుతంగా ఏమీ పెరగదు. రెండు, కాయ నాణ్యతలో, పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే వాళ్ళు చేసిన ఇంకో పని ఏంటంటే, ఏ లవణం ఎంత కలపాలో కొలతలతో సహా అందరికీ ఓపెన్‌గా ఇచ్చేశారు. ఓపెన్ సోర్స్ అనుకోండి. హోగ్లాండ్ ద్రావణం అనే పేరుతో అది ఇప్పటికీ ల్యాబుల్లో వాడుకలో ఉంది.

మరి దిగుబడి పెరగకపోతే ఇది ఎవరికి ఉపయోగం? మట్టి లేనివాళ్ళకి. 1930ల చివర్లో పసిఫిక్ మధ్యలో వేక్ ఐలాండ్ అనే పగడపు దీవిలో పాన్ అమెరికన్ విమానాలు దిగేవి. అక్కడ సాగుకి పనికొచ్చే నేల లేదు. ప్రయాణికులకి, సిబ్బందికి తాజా కూరలు నీటి తొట్లలోనే పండించారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా సైన్యం అసెన్షన్ ఐలాండ్ రాళ్ళ మీదా ఇదే చేసింది. లిండ్ కాలంలో ఓడవాళ్ళకి లేని ఆకుకూర, ఇలా సముద్రం మధ్యకి చేరింది.

ఇందులో మన దేశం వాటా కూడా ఉంది. 1946లో జేమ్స్ షోల్టో డగ్లస్ అనే ఆయన డార్జిలింగ్ జిల్లా కాలింపాంగ్‌లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. పంపులు, ఖరీదైన ట్యాంకులు మనవాళ్ళ వల్ల కాదని, రాళ్ళపొడి, ఇసుక, పైన కొలిచి చల్లే పొడి ఎరువుతో చవకైన పద్ధతి తయారుచేశాడు. దాని మీద 1951లో పుస్తకం వచ్చింది. పద్ధతి పేరు "బెంగాల్ సిస్టమ్". ఇక మీరు రీల్స్‌లో చూసే తెల్ల పైపులు, లోపల సన్నగా పారే నీరు, ఆ పద్ధతి 1960లలో ఇంగ్లండ్‌లో అలెన్ కూపర్ తయారుచేసింది.

రుచి చూసి చెప్పిన రోగం

ఇప్పుడు మీటర్. షుగర్ మనకి కొత్త జబ్బు కాదు. మధుమేహం అనే పేరులోనే తేనె ఉంది. రోగి మూత్రానికి చీమలు పడతాయని మన పాత వైద్యులు ఎప్పుడో గమనించారు. 1674లో ఇంగ్లండ్ డాక్టర్ థామస్ విల్లిస్ ఆ మూత్రం తియ్యగా ఉంటుందని రాశాడు. అవును, రుచి చూసే. ఆ తీపి రక్తంలో కూడా ఉందని 1776లో మాథ్యూ డాబ్సన్ తేల్చాడు.

1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టారు. 1922 జనవరిలో 14 ఏళ్ళ లియోనార్డ్ థాంప్సన్‌కి మొదటిసారి ఇచ్చారు. చావు ఖాయం అనుకున్న పిల్లలు బతకడం మొదలైంది. కానీ మందు ఎంత ఇవ్వాలి? షుగర్ ఎంతుందో తెలిస్తే కదా! ఇంట్లో చేయగలిగింది మూత్రం పరీక్ష ఒక్కటే. రంగు నీలం ఉంటే ఓకే, ఇటుక రంగుకి మారితే డేంజర్. దీంట్లో లోపం ఏంటంటే, రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే గానీ మూత్రంలో కనపడదు. అది కూడా గంటల కింద జరిగినదాన్ని చెప్తుంది. షుగర్ బాగా పడిపోతే అసలు ఏమీ చెప్పదు. అంటే సర్వర్ క్రాష్ అయ్యాక, సగం మాత్రమే ఉన్న లాగ్ చదువుకున్నట్టు.

1965లో ఏమ్స్ కంపెనీ రక్తం చుక్కతో రంగు మారే పట్టీ తెచ్చింది. ఆ రంగుని చదివే మెషీన్ 1970 ప్రాంతంలో వచ్చింది. కిలో పైనే బరువు, వందల డాలర్ల ఖరీదు. అమ్మేది డాక్టర్లకి, ఆసుపత్రులకి మాత్రమే.

ఇక్కడ ఎంటర్ అవుతాడు రిచర్డ్ బెర్న్‌స్టీన్. డాక్టర్ కాదు, ఇంజినీర్. 12 ఏళ్ళ వయసు నుంచి టైప్ 1 షుగర్. ముప్పైల్లోకి వచ్చేసరికే కిడ్నీలు దెబ్బతింటున్న గుర్తులు. 1969లో ఒక ల్యాబ్ పత్రికలో ఆ మెషీన్ ప్రకటన చూశాడు. రోగికి అమ్మరు కదా, కానీ వాళ్ళావిడ డాక్టర్. ఆమె పేరు మీద తెప్పించాడు. రోజుకి ఐదారుసార్లు కొలవడం మొదలుపెడితే తెలిసింది, ఒకే రోజులో తన షుగర్ 40 కిందికి పడిపోయి మళ్ళీ 400 దాటుతోందని. మూత్రం పరీక్షలో ఇదేమీ కనపడలేదు. ఇక ఆయన తిండి, ఇన్సులిన్ డోసు కొంచెం కొంచెం మారుస్తూ, ప్రతిసారీ కొలుస్తూ సెట్ చేసుకున్నాడు.

ఇది అందరికీ చెప్దామని మెడికల్ జర్నల్స్‌కి పంపితే తిప్పికొట్టారు. రోగి తనంతట తాను కొలుచుకోవడం ఏంటి, అవసరం లేదు అన్నారు. ఆయన ఏం చేశాడో తెలుసా? 45 ఏళ్ళకి మెడికల్ కాలేజీలో చేరాడు. 1983లో డాక్టర్ అయ్యి బయటికొచ్చాడు. ఆయన చెప్పిన డైట్ మీద డాక్టర్లలో ఇప్పటికీ వాదనలున్నాయి, దాన్ని నేను మీకు రికమెండ్ చేయట్లేదు. కానీ కొలత విషయంలో ఆయనదే కరెక్ట్ అయింది. 1993లో 1,441 మంది టైప్ 1 రోగుల మీద జరిగిన పెద్ద అమెరికన్ స్టడీ ఫలితాలొచ్చాయి. రోజూ కొలుస్తూ షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టుకున్న గ్రూప్‌లో కళ్ళు దెబ్బతినే ప్రమాదం 76 శాతం దాకా తగ్గింది. టైప్ 2 వాళ్ళ మీద బ్రిటన్‌లో జరిగిన స్టడీ కూడా 1998లో అదే దారి చూపించింది. షుగర్ అదుపులో ఉంటే కళ్ళు, కిడ్నీలు నిలబడతాయి.

ఇప్పుడు మన బాల్కనీకి వద్దాం

రెండు కథలూ కలిసే చోటు ఇదే. మొక్క విషయంలో ఫార్ములా ఒక మనిషి గుప్పిట్లోంచి అందరికీ వచ్చాక పని మొదలైంది. షుగర్ విషయంలో మీటర్ ఆసుపత్రి గదిలోంచి వంటింట్లోకి వచ్చాక మనుషుల చూపు, కిడ్నీలు మిగిలాయి. రెండుసార్లూ కొలత మామూలు మనిషి చేతికి రావడమే మలుపు.

మరి కిట్ కొనాలా? సరదా ఉంటే కొనండి. బాల్కనీలో తాజా పాలకూర, పుదీనా, లెట్యూస్ వస్తాయి. కానీ "షుగర్ తగ్గించే హైడ్రోపోనిక్ కూర" అని ఎవరైనా అంటే 1938 రిపోర్ట్ గుర్తు తెచ్చుకోండి. నీళ్ళలో పెరిగినంత మాత్రాన ఆకుకి కొత్త శక్తి రాదు. రైతు బజార్‌లో కట్ట పాలకూర కూడా అదే పని చేస్తుంది. ఆ పని ఏంటంటే, కంచంలో అన్నం చోటుని ఆక్రమించడం. వంద గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుంది, అదే బరువు పాలకూరలో 4 గ్రాముల లోపే. అన్నం తగ్గకుండా పక్కన పాలకూర పప్పు చేరిస్తే లెక్క మారదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళయితే ఆకుకూర ఎంత తినాలో కూడా డాక్టర్నే అడగాలి, పొటాషియం వల్ల.

కిట్ పెట్టినవాళ్ళు రోజూ టీడీఎస్ మీటర్ ముంచి చూస్తారు. లెట్యూస్‌కి 560 నుంచి 840 మధ్య ఉండాలి, పీహెచ్ 5.5 నుంచి 6.5. కొంచెం తేడా వస్తే కంగారుపడి యూట్యూబ్ వెతుకుతారు. మొక్క నీళ్ళని అంత శ్రద్ధగా కొలిచే మనిషి, తన రక్తాన్ని కొలవడానికి పది రోజులు వాయిదా వేస్తాడు. నాకు అర్థం కానిది ఇదే.

"పథ్యం చేసి చూపించుకుంటా" అనే ప్లాన్ అసలు పనిచేయదు కూడా. హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెప్తుంది, రెండు రోజుల ఉపవాసానికి అది మోసపోదు. క్రూయిజ్‌లో ఐదు రోజులు తిన్నది నేరం కాదు. ఇంటికొచ్చిన మర్నాడు మీటర్ చూపించే నంబర్ తిట్టు కాదు, డేటా. ఎక్కువుంటే డాక్టర్‌కి ఫోన్ చేయడానికి, రాత్రి భోజనం మార్చుకోవడానికి పనికొస్తుంది. ఎన్నిసార్లు కొలవాలో డాక్టర్ చెప్తారు, మాత్రలు మాత్రం ఏ ఆకు కోసమూ ఆపకండి.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ స్టడీ ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనే. అంటే ఇది వింటున్న మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒకరు ఉండే ఉంటారు. లిండ్ చెప్పింది వినడానికి నేవీకి 48 ఏళ్ళు పట్టింది, ఆ మధ్యలో పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. మన నాన్నకి పది రోజులు కూడా ఇవ్వొద్దు. ఇవాళ సాయంత్రం ఆ డబ్బా మీరే తీయండి, స్ట్రిప్స్ ఎక్స్‌పైరీ డేట్ చూడండి, పక్కన కూర్చోండి. ఎంత వచ్చినా మొహం మాత్రం మాడ్చుకోకండి. లేకపోతే రేపు మళ్ళీ డబ్బా దాచేస్తారు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.