ఇంటి మందు ఏ తెగులుకు పనిచేస్తుంది?

బెండ ఆకుల ఈనెలు పసుపు రంగుకు తిరిగితే చాలా ఇళ్లలో ముందుగా వెతికేది వేపనూనె సీసానే. వారం వారం చల్లినా ఆ మొక్క కోలుకోదు. అది వైరస్ వల్ల వచ్చే పల్లాకు తెగులు. దానికి వంటింట్లోనే కాదు, పురుగుమందుల దుకాణంలోనూ మందు లేదు. వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ. వేపనూనె ఆ దోమను తగ్గించి పక్క మొక్కలను కాపాడగలదు, అంతే. సోకిన మొక్కను పీకేయాల్సిందే. నాలుగు కాయలు వస్తున్నాయి కదా అని ఉంచుకుంటే మడి అంతా పోతుంది. ఈ తెగులును తట్టుకునేలా బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క అనామిక వంటి రకాలను మళ్లీ విత్తేటప్పుడు చూసుకోవచ్చు.

ఇంటి మందులకు అసలైన పని శిలీంధ్రాల మీద, ముఖ్యంగా బూడిద తెగులు మీద ఉంది. గుమ్మడి, దోస ఆకులపై పిండి చల్లినట్టు కనిపించే పొర ఇదే. మన ప్రకృతి సేద్య రైతులు దీనికి పుల్లటి మజ్జిగ వాడతారు. బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ జుకినీ మొక్కలపై పాలు కలిపిన నీళ్లు చల్లి చూశారు. అవి రసాయన మందులకు దీటుగా పనిచేశాయని 1999లో ప్రచురించారు. 100 మిల్లీలీటర్ల పాలకు 900 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, మచ్చలు మొదలైన వెంటనే ఉదయం పూట చల్లాలి. ఆకు సగం తెల్లబడ్డాక ఫలితం తక్కువ. వంటసోడా కూడా పనిచేస్తుంది కానీ లీటరుకు 5 గ్రాములు దాటితే ఆకు మాడే ప్రమాదం ఉంది. ముందు రెండు ఆకుల మీద చల్లి, ఒక రోజు ఆగి చూడటం మంచిది.

ఆకుమచ్చ తెగుళ్లు రాకుండా అడ్డుకునేది బోర్డో మిశ్రమం. ఫ్రాన్స్‌లో బాటసారులు ద్రాక్ష కోయకుండా దారి పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం పూసేవారు. ఆ తీగలకే తెగులు రాకపోవడం గమనించిన మిల్లార్డే 1885లో దీన్ని లోకానికి తెలియజేశారు. లీటరు మిశ్రమానికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి కలపాలి. అందులో ముంచిన ఇనుప మేకు ఎర్రబడితే ఇంకాస్త సున్నం వేయాలి. అదే రోజు వాడేయాలి.

పొగాకు కషాయం మాత్రం పెరట్లోకి రాకపోవడమే మేలు. అందులోని నికోటిన్ మనిషికీ విషమే. పైగా ఎండిన పొగాకులోనూ బతికుండే మొజాయిక్ వైరస్ టమాటా, మిరపలకు అంటుకుంటుంది.

టమాటా మొక్క పచ్చగా ఉండగానే హఠాత్తుగా వాడిపోతే మందు వెతికే ముందు ఒక పని చేయాలి. కాండం అడుగున ఒక ముక్క కోసి, గాజు గ్లాసులోని నీళ్లలో నిలబెట్టాలి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి ధార దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. మొక్కను వేళ్లతో సహా తీసి కాల్చేయాలి. అదే మడిలో వెంటనే టమాటా, వంగ, మిరప వేయకూడదు.