షేర్డ్ ఫోల్డర్ క్రాష్‌లు: నిమిత్తం ఏది, లోపం ఏది?

ఒక వర్చువల్ మెషీన్‌లో షేర్డ్ ఫోల్డర్ వాడినప్పుడల్లా సిస్టమ్ క్రాష్ అవుతుందనుకుందాం. ఆ ఫోల్డర్ తీసేస్తే మామూలుగా నడుస్తుంది. దాంతో తప్పంతా ఫోల్డర్‌దేనని తేల్చేస్తాం. ఈ తీర్పుకు ఉన్న ఆధారం చాలదన్నది ఈ వ్యాసం వాదన. ఫోల్డర్ తీసేస్తే క్రాష్ ఆగిందంటే, అది క్రాష్‌కు నిమిత్తమని మాత్రమే రుజువైంది. లోపం అందులోనే ఉందో, మరోచోట దాగి ఉందో తేలాలంటే వేరే పరీక్షలు కావాలి.

శ్రీహరికోట సాక్ష్యం

ఈ తేడాకు రాకెట్ ప్రయోగాల్లో ఒక పాత ఉదాహరణ ఉంది. 1993 సెప్టెంబరు 20న, అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ తొలిసారి ఎగిరింది. అది ఐఆర్‌ఎస్-1ఈ ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చలేక బంగాళాఖాతంలో కూలిపోయింది. రెండో దశ విడిపోయే వేళ వాహనం అనుకోని కుదుపుకు లోనైంది. అంతవరకే చూస్తే కుదుపే కారణమనిపిస్తుంది. కానీ దాన్ని సరిదిద్దే ఆదేశం విలువ నిర్ణీత పరిమితిని దాటడంతో నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో ఓవర్‌ఫ్లో జరిగిందని విశ్లేషణలో బయటపడింది. కుదుపు నిమిత్తం, సాఫ్ట్‌వేర్‌లోని లోపం అంతకుముందు నుంచే ఉంది. తర్వాతి ప్రయోగం 1994 అక్టోబరు 15న విజయవంతమైంది.

1996 జూన్ 4న కూలిన ఏరియన్-5 కథా ఇలాంటిదే. ఏరియన్-4 నుంచి తెచ్చుకున్న కోడ్ ఒక 64 బిట్ల విలువను 16 బిట్లలో ఇమడ్చబోయి విఫలమైంది. పాత రాకెట్‌లో ఆ విలువ అంత పెరిగే అవకాశం లేకపోవడంతో లోపం కనిపించలేదు. కాబట్టి ‘ఇన్నాళ్లూ బాగానే నడిచింది’ అన్న మాట ఏ భాగానికీ నిర్దోషిత్వ పత్రం కాదు.

పడింది ఏ పొర?

షేర్డ్ ఫోల్డర్‌లోని ఒక ఫైల్‌ను చదవాలంటే అభ్యర్థన మూడు పొరలు దాటాలి: గెస్ట్‌ (వర్చువల్ మెషీన్) లోని ప్రోగ్రామ్, గెస్ట్ కెర్నెల్‌లోని డ్రైవర్, హోస్ట్‌ (అసలు కంప్యూటర్) లో ఆ మెషీన్‌ను నడిపే ప్రాసెస్. ఏ పొర దెబ్బతింటే దానికి తగ్గ లక్షణం కనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఒక్కటే ఆగిపోతే మొదటి పొరతో మొదలుపెట్టాలి. గెస్ట్‌లో కెర్నెల్ పానిక్ లేదా బ్లూ స్క్రీన్ వస్తే రెండోదాన్ని, వర్చువల్ మెషీన్ విండోయే మాయమైతే మూడోదాన్ని ముందు అనుమానించాలి. హోస్ట్ మొత్తం స్తంభిస్తే మెమరీ, డిస్క్‌ల వైపు కూడా చూడాలి. ఇవి అనుమానాలే, నిర్ధారణలు కావు.

మొదటి పొరలో కొన్నిసార్లు లోపమే ఉండదు, తెలిసిన పరిమితి ఉంటుంది. ఉదాహరణకు, మాంగోడీబీ డేటాబేస్‌కు డైరెక్టరీల మీద ఎఫ్‌సింక్ (మార్పులను డిస్క్‌కు ఖాయంగా రాయించే ఆదేశం) పనిచేయాలి. వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్లు, వీఎంవేర్ హెచ్‌జీఎఫ్‌ఎస్ దీనికి మద్దతివ్వవని ఆ డేటాబేస్ పత్రాలే చెబుతాయి. అలాంటి డేటాను గెస్ట్ సొంత డిస్క్‌లో పెట్టుకోవడమే దారి.

రెండో పొరలో వెర్షన్లు చూడాలి. వర్చువల్‌బాక్స్ వెర్షన్‌కు, గెస్ట్‌లో అమర్చే దాని డ్రైవర్ల ప్యాకేజీ గెస్ట్ అడిషన్స్ సరిపోవాలి. లినక్స్ గెస్ట్‌లో ఇంకో మెలిక ఉంది. 2020 మార్చిలో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి షేర్డ్ ఫోల్డర్లను నడిపే వీబాక్స్‌ఎస్‌ఎఫ్ డ్రైవర్ కెర్నెల్‌లోనే దొరుకుతోంది. గెస్ట్ అడిషన్స్ తమ సొంత డ్రైవర్‌ను కూడా తెస్తాయి. పేరు ఒకటే, కోడ్ వేరు. క్రాష్ సమయంలో నడుస్తున్నది ఏదో చూసుకోకుండా చేసే పరీక్ష గందరగోళానికే దారితీస్తుంది.

రీస్టార్ట్‌కు ముందు

క్రాష్ కాగానే మెషీన్‌ను మళ్లీ ఆన్ చేయడం ఆధారాలకు చేటు. వర్చువల్‌బాక్స్ మామూలుగా ఇప్పటి లాగ్‌తో పాటు పాతవి మూడే ఉంచుతుంది. వరసగా నాలుగుసార్లు ఆన్ చేస్తే క్రాష్ నాటి లాగ్ చెరిగిపోతుంది. ముందు లాగ్స్ ఫోల్డర్‌ను వేరేచోటికి కాపీ చేయాలి. విండోస్ గెస్ట్ అయితే మినీడంప్ ఫైళ్లను, లినక్స్ అయితే గత బూట్ కెర్నెల్ సందేశాలను భద్రపరచాలి. రెండువైపుల గడియారాలలో తేడా ఉంటే రాసి పెట్టాలి. లేకపోతే ఏ సందేశం ముందుదో తేల్చలేం.

వేరుచేసే పరీక్షలు

అవే ఫైళ్లతో అదే పనిని మూడుచోట్ల చేయాలి: గెస్ట్ సొంత డిస్క్‌లో, షేర్డ్ ఫోల్డర్‌లో, సాంబా లేదా ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా హోస్ట్‌లోని అదే ఫోల్డర్‌లో. సొంత డిస్క్‌లోనూ క్రాష్ అయితే షేర్డ్ ఫోల్డర్ మీద అనుమానం బాగా తగ్గుతుంది. షేర్డ్ ఫోల్డర్‌లో మాత్రమే అయితే దాని డ్రైవర్ మీద, హోస్ట్ ప్రాసెస్ మీద అనుమానం పెరుగుతుంది. సాంబాలోనూ అయితే హోస్ట్ డిస్క్, మెమరీ, నెట్‌వర్క్ భాగం, ఫైళ్ల సంఖ్య వంటి ఉమ్మడి అంశాలు ముందుకొస్తాయి. ఆ తర్వాత గెస్ట్‌కు ఒకే ప్రాసెసర్ ఇచ్చి చూడాలి. అప్పుడు క్రాష్ ఆగితే, ఒకేసారి నడిచే పనుల మధ్య పోటీ ఉందేమోనని వెతకవచ్చు. ఏ పరీక్షలోనైనా ఒకసారికి ఒక్కటే మార్చాలి. కెర్నెల్‌నూ గెస్ట్ అడిషన్స్‌నూ కలిపి మార్చితే సమస్య పోవచ్చు, సమాధానం మాత్రం దొరకదు.

ఎన్నిసార్లు చూస్తే చాలు?

అప్పుడప్పుడు వచ్చే క్రాష్‌లలో సులభంగా మోసపోయేది ఇక్కడే. పదింట ఒకసారి వచ్చే క్రాష్‌కు ఏ చికిత్సా చేయకపోయినా, వరసగా 10 ప్రయత్నాలు సాఫీగా సాగే అవకాశం 35 శాతం. ఆ అవకాశం 5 శాతం లోపుకు దిగాలంటే కనీసం 29 ప్రయత్నాలు సాఫీగా సాగాలి. 100 ప్రయత్నాల్లో ఒక్క క్రాష్ కూడా రాకపోయినా, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది అసలు రేటు దాదాపు 3 శాతానికి మించదని మాత్రమే. ప్రయత్నాలు ఒకదానిపై ఒకటి ఆధారపడనప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. మెమరీ నిండేకొద్దీ వచ్చే క్రాష్‌కు ప్రతిసారీ గెస్ట్‌ను తాజాగా బూట్ చేసి చూస్తే లోపం దొరక్కపోవచ్చు.

ఏం చెప్పవచ్చు?

పని ఆగకూడదనుకుంటే షేర్డ్ ఫోల్డర్ వదిలి సాంబాకు మారడంలో తప్పు లేదు. కానీ దాన్ని ఉపాయంగానే నమోదు చేయాలి, పరిష్కారంగా కాదు. దాగిన లోపం హోస్ట్ మెమరీలో ఉంటే రేపు మరో నిమిత్తంతో బయటపడవచ్చు. లోపం దొరికిందనడానికి రెండు షరతులు పెట్టుకోవచ్చు. డంప్ లేదా లాగ్ ఒక నిర్దిష్ట భాగాన్ని చూపాలి. ఆ ఒక్క భాగాన్ని మార్చితే క్రాష్ పోవాలి, పాతదాన్ని మళ్లీ పెడితే తిరిగి రావాలి. పాతదాన్ని మళ్లీ పెట్టి చూసే ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. పోయిన క్రాష్‌ను కావాలని వెనక్కి రప్పించగలిగినప్పుడే కారణం తెలిసిందని ధైర్యంగా రాయవచ్చు.