నీటి నాణ్యతా పరిశీలన సాధనాలు

నీటి నాణ్యతా పరిశీలన సాధనాలు అంటే తాగునీరు, నదులు, చెరువులు, భూగర్భజలం, పరిశ్రమలూ పట్టణాలూ విడిచిపెట్టే వ్యర్థజలం ఏ స్థితిలో ఉన్నాయో కొలిచి తెలిపే పరికరాలు. రంగు, రుచి, వాసనలను బట్టి నీటి మంచిచెడ్డలను అంచనా వేయడం అనాదిగా ఉన్నదే. అయితే ఫ్లోరైడు, నైట్రేటు, సీసం, రోగకారక సూక్ష్మజీవులు కంటికి కనబడవు, నాలుకకు తెలియవు. వాటిని గుర్తించడానికి సాధనాలు అవసరమవుతాయి. ప్రతి సాధనం తాను కొలవడానికి నిర్మితమైన గుణాన్ని మాత్రమే కొలుస్తుంది. కనుక ఏ ఒక్క సాధనం చూపే అంకెనుబట్టీ నీరు సురక్షితమని నిర్ధారించరాదు.

సత్యవేడు ప్రాంతం - ఒక ఉదాహరణ

తిరుపతి జిల్లాలోని సత్యవేడు మండలం 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది. తమిళనాడు సరిహద్దున ఉన్న ఈ ప్రాంతంలో కొద్ది దూరంలోనే నాలుగు రకాల జలాలు కనిపిస్తాయి. వీటిలో ఒక్కొక్కదానిని పరిశీలించే తీరు వేరు.

* చెరువులు, బోరుబావులు: ఊళ్ళకు, పొలాలకు ఆధారం. బోరు నీటిలో ముఖ్యంగా చూడవలసినవి లవణాలు, కాఠిన్యం, ఫ్లోరైడు, నైట్రేటు.
* తెలుగుగంగ కాలువ: కండలేరు జలాశయం నుండి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 152 కిలోమీటర్లు ప్రవహించి, సత్యవేడుకు దక్షిణాన ఊత్తుకోట సమీపంలో తమిళనాడులో ప్రవేశిస్తుంది. 1996 నుండి చెన్నై నగరానికి తాగునీరు అందిస్తున్నది. దారి పొడవునా పైకప్పు లేని కాలువ గనుక మడ్డి, సూక్ష్మజీవుల పరిశీలన ముఖ్యం.
* ఆరణి నది: పిచ్చాటూరు, సురుటుపల్లి మీదుగా సాగి పులికాట్ సరస్సు వైపు పోతుంది. సరస్సులో చేపలు, రొయ్యలు బతకాలంటే కరిగిన ఆక్సిజన్, లవణీయత తగిన స్థాయిలో ఉండాలి.
* పారిశ్రామిక వ్యర్థజలం: సత్యవేడు, వరదయ్యపాలెం మండలాలలో 2008లో మొదలైన శ్రీసిటీలో ఆహార పదార్థాలు, మోటారు వాహనాలు, ఎయిర్ కండిషనర్లు, రైలు పెట్టెలు తయారుచేసే పరిశ్రమలు ఉన్నాయి. ఆహార పరిశ్రమ వ్యర్థజలంలో కుళ్ళే పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. లోహపు పని, రంగులు వేసే పని జరిగే చోట లోహాలు, నూనెలు చేరే అవకాశం ఉంటుంది.

చరిత్ర

ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి 1865లో తెల్లని పళ్ళెం వంటి బిళ్ళను నీటిలోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో చూచి నీటి స్వచ్ఛతను కొలిచాడు. కరిగిన ఆక్సిజన్‌ను కనుగొనే రసాయన పద్ధతిని 1888లో వింక్లర్ ప్రకటించాడు. డెన్మార్కుకు చెందిన సోరెన్‌సెన్ 1909లో పీహెచ్ మానాన్ని ప్రవేశపెట్టాడు. నిమ్మరసపు ఆమ్లత్వాన్ని కొలవడానికి అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ 1934లో ఎలక్ట్రానిక్ పీహెచ్ మీటరును రూపొందించాడు. 1950లలో లేలాండ్ క్లార్క్ ఆక్సిజన్ ఎలక్ట్రోడును, 1966లో ఫ్రాంట్, రాస్ ఫ్లోరైడు ఎలక్ట్రోడును తయారుచేశారు. దీనితో ప్రయోగశాలలో చేసే పరీక్షలు కొన్ని ఏటి గట్టున, బావి ఒడ్డున కూడా చేయడానికి వీలైంది.

ముఖ్య సాధనాలు

పీహెచ్ మీటరు: నీటి ఆమ్ల, క్షార స్వభావాన్ని తెలుపుతుంది. పలుచని గాజు పొరకు ఇరువైపులా ఏర్పడే విద్యుత్ పొటెన్షియల్ భేదాన్ని ఇది కొలుస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ ఒక ప్రమాణం మారితే ఈ భేదం సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. తాగునీటి పీహెచ్ 6.5 - 8.5 మధ్య ఉండాలి.

వాహకత మీటరు, టి.డి.ఎస్. మీటరు: నీటిలో కరిగిన లవణాలు ఎక్కువైనకొద్దీ విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. కలం పరిమాణంలో ఉండే టి.డి.ఎస్. మీటరు వాహకతనే కొలిచి, దానిని ఒక గుణకంతో హెచ్చవేసి కరిగిన ఘనపదార్థాల మొత్తంగా చూపుతుంది. తాగునీటిలో ఇవి లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. వేరే ఆధారం లేనిచోట 2000 వరకు అనుమతిస్తారు. ఈ మీటరు సూక్ష్మజీవులను చూడలేదు. ఫ్లోరైడును, నైట్రేటును ఇతర లవణాల నుండి వేరుచేసి చెప్పలేదు. టి.డి.ఎస్. తక్కువగా ఉన్న నీరు కూడా రోగకారకం కావచ్చు.

టర్బిడిటీ మీటరు: నీటి గుండా కాంతి పుంజాన్ని పంపి, తేలియాడే కణాల వలన లంబకోణంలో చెదిరిన కాంతిని కొలుస్తుంది. మడ్డి ఎక్కువగా ఉంటే సూక్ష్మజీవులు దాని చాటున ఉండి క్లోరిన్‌కు చిక్కకుండా తప్పించుకుంటాయి.

కరిగిన ఆక్సిజన్ మీటరు: నది, చెరువు, సరస్సుల ఆరోగ్యానికి ఇది ముఖ్య సూచిక. చేపల పెంపకానికి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ అవసరమని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ తెలుపుతుంది.

ఫ్లోరైడు ఎలక్ట్రోడు: తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే ఆధారం లేనిచోట 1.5 మిల్లీగ్రాములు మించరాదు. తెలుగునాట దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తరువాత నల్గొండ జిల్లా ఈ సమస్యకు మారుపేరైంది.

సూక్ష్మజీవుల పరీక్ష: 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఇ. కోలై బాక్టీరియా ఒక్కటి కూడా ఉండరాదు. గ్వాలియర్ రక్షణ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించిన హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష పల్లెలలో సులభంగా చేయదగినది. సీసాలో పోసిన నీరు ఒకటి రెండు రోజులలో నల్లబడితే మలకాలుష్యం జరిగినట్లు అనుమానించాలి.

వ్యర్థజల పరిశీలన

వ్యర్థజలంలో ముఖ్యంగా చూసేవి జీవరసాయన ఆక్సిజన్ డిమాండ్ (బి.ఓ.డి.), రసాయన ఆక్సిజన్ డిమాండ్ (సి.ఓ.డి.). నీటిలోని కుళ్ళే పదార్థాలను బాక్టీరియాలు జీర్ణించుకోవడానికి వాడుకునే ఆక్సిజనే బి.ఓ.డి. దీనిని ఐరోపాలో 20 డిగ్రీల వద్ద 5 రోజులు ఉంచి కొలుస్తారు. ఉష్ణదేశమైన భారతదేశంలో 27 డిగ్రీల వద్ద 3 రోజులు ఉంచుతారు. సి.ఓ.డి. పరీక్షలో పొటాషియం డైక్రోమేటుతో సుమారు రెండు గంటలు మరిగిస్తారు. నదులు, చెరువులలోకి విడిచే నీటికి సాధారణ ప్రమాణాలు ఇవి:

* పీహెచ్: 5.5 - 9.0
* బి.ఓ.డి.: లీటరుకు 30 మిల్లీగ్రాములు
* సి.ఓ.డి.: లీటరుకు 250 మిల్లీగ్రాములు
* తేలియాడే ఘనపదార్థాలు: లీటరుకు 100 మిల్లీగ్రాములు
* నూనె, గ్రీజు: లీటరుకు 10 మిల్లీగ్రాములు

ఎక్కువ కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలు వ్యర్థజలాన్ని నిరంతరం కొలిచే ఆన్‌లైన్ సాధనాలను అమర్చుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. తనిఖీకి వచ్చిన రోజున తీసిన ఒక్క సీసా నీరు మిగతా రోజుల సంగతి చెప్పలేదు. నిరంతర పరిశీలన ఆ లోటును తీరుస్తుంది.

అయితే మూడు రోజుల పరీక్షను ఆన్‌లైన్ సాధనం క్షణాలలో చేయలేదు. అటువంటి సాధనాలు పలు సందర్భాలలో అతినీలలోహిత కిరణాలు నీటిలో ఎంత శోషణ చెందాయో చూచి బి.ఓ.డి., సి.ఓ.డి.లను అంచనా కడతాయి. చక్కెర, ఆల్కహాలు వంటివి 254 నానోమీటర్ల కిరణాలను దాదాపుగా శోషించవు. కనుక తీపి పదార్థాలు కలిసిన వ్యర్థజలంలో ఈ అంచనా అసలు విలువకంటె తగ్గిపోవచ్చు. ప్రతి పరిశ్రమ నీటికీ ప్రయోగశాల ఫలితాలతో పోల్చి సాధనాన్ని సరిచేయాలి.

పరిమితులు

ప్రమాణాల జాబితాలో లేని పదార్థాన్ని సాధారణంగా ఎవరూ కొలవరు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే సామూహిక కేంద్రం నుండి వెలువడే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. కొన్ని రకాల బాక్టీరియాలకు హాని కలిగించే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. పీహెచ్ మీటరు గాని, సి.ఓ.డి. పరీక్ష గాని ఇటువంటి ఔషధాన్ని పేరుపెట్టి చూపలేవు. దానిని గుర్తించినది ద్రవ క్రొమటోగ్రఫీతో కూడిన ద్రవ్యరాశి వర్ణపటమాపకం. మందులకు లొంగని బాక్టీరియాలు పెరగడానికి ఇటువంటి నీరు దోహదం చేస్తుంది.

నిర్వహణ

* పీహెచ్ మీటరును 4, 7, 9.2 పీహెచ్ గల బఫరు ద్రావణాలతో తరచుగా సరిచూడాలి.
* గాజు ఎలక్ట్రోడును స్వేదనజలంలో నిల్వ ఉంచరాదు. పొటాషియం క్లోరైడు ద్రావణంలో ఉంచాలి.
* వ్యర్థజలంలో ఉంచిన సెన్సారుపై జిగురు, నాచు పేరుకుంటాయి. శుభ్రం చేయకపోతే అంకెలు తప్పుగా వస్తాయి.
* సూక్ష్మజీవుల పరీక్షకు నీటిని క్రిమిరహితమైన సీసాలోనే పట్టాలి. చల్లగా ఉంచి త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి.

గ్రామస్థాయి పరీక్షలు

2019లో మొదలైన జల జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు క్షేత్రస్థాయి పరీక్షా పెట్టెలతో నీటిని పరీక్షించడంలో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించారు. ఈ పెట్టెలో కారకాలు కలిపినపుడు వచ్చే రంగును పట్టికతో పోల్చి పీహెచ్, ఫ్లోరైడు, నైట్రేటు, అవశేష క్లోరిన్ వంటివి తెలుసుకోవచ్చు. ఇది తొలి హెచ్చరిక మాత్రమే. దోషం కనబడినపుడు ప్రయోగశాలలో నిర్ధారణ చేయించాలి.

ఇవి కూడా చూడండి

* తెలుగుగంగ ప్రాజెక్టు
* పులికాట్ సరస్సు
* ఫ్లోరోసిస్
* సత్యవేడు